417వ పేజీలో మామయ్య

సాఫ్ట్‌వేర్ ఆఫీసు, మూడో అంతస్తు, ఉదయం పదకొండున్నర. కోడ్ రాసే ఆవిడ ఒకరు, ఊరి నీళ్ళ పంపుహౌసు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు.

"అలా నిలబడే ఉన్నారేంటండీ, కూర్చోండి. ఆ మూట కింద పెట్టండి."

"మూట కాదమ్మా, పుస్తకాలు. కింద పెట్టకూడదు. మీవే."

"మావా? మేం పుస్తకాలు వేయమే."

"ఇదిగో, అట్ట మీద మీ కంపెనీ ముద్ర. 'పంపుహౌసు ప్రోగ్రాము, సమగ్ర వివరణ గ్రంథం.' ఇది పాతది, తొమ్మిదొందల పన్నెండు పేజీలు. ఇది కొత్తది, పోయిన సోమవారం వచ్చింది. ఎనిమిదొందల తొంభై. చిక్కిపోయింది."

"ఓహో, ఇదా! దీన్ని అచ్చేయించారా మీరు?"

"అచ్చేయించి, గట్టి బైండు చేయించి, గొలుసుతో బల్లకి కట్టాం. తాళంచెవి నా దగ్గరుంటుంది కాబట్టి విప్పి తెచ్చా. ఒక్కమాట అడిగి పోతానమ్మా. పాతదాంట్లో నాలుగొందల పదిహేడో పేజీ, కింద నుంచి నాలుగో లైను. కొత్తదాంట్లో లేదు. ఎక్కడికి పోయింది?"

"చూద్దాం, చూద్దాం. మీతో ఇంకొకాయన వచ్చినట్టున్నారు? బయట బెంచీ మీద."

"తోడొచ్చాడు."

"లోపలికి రమ్మనండి, అక్కడ ఫ్యాను కూడా లేదు."

"వద్దులెమ్మా. ఆయన పిలవందే రాడు. నా లైను సంగతి చూడండి ముందు."

"చూస్తానండీ. కానీ మీకొకటి చెప్పాలి. ఈ పుస్తకం ఎవరూ రాయలేదు."

"రాయకుండా ఎలా వచ్చింది?"

"మేం ప్రోగ్రాము రాసేటప్పుడు మధ్యమధ్యలో మా కోసం చిన్న చిన్న ముక్కలు రాసుకుంటాం. 'ఇది ఇందుకు', 'ఇక్కడ జాగ్రత్త', అలాగ. వాటిని కామెంట్లంటాం. మెషీను వాటిని పట్టించుకోదు, దాటేసి పోతుంది. తర్వాత ఇంకో టూలు వచ్చి ఆ ముక్కలన్నీ ఏరి, వరసగా పేర్చి, పేజీ నంబర్లు వేసి పుస్తకం చేసేస్తుంది. మనిషి చెయ్యి పడదు."

"అంటే ఇవి మెషీనుకి చెప్పిన మాటలు కావు."

"కావు."

"మెషీను కూడా పట్టించుకోని మాటలు."

"అలా అంటే... ఆఁ, అలాగే."

"మరి చదివిందెవరమ్మా?"

"ఎవరు చదువుతారండీ తొమ్మిదొందల పేజీలు! ఎవరూ చదవరు."

"మేం చదివాం."

"మొత్తమా?"

"షిఫ్టు మారినప్పుడల్లా నాలుగు పేజీలు పైకి చదువుతాం. అందరూ నిలబడి వింటారు. ఆరేళ్ళలో ఇరవై ఎనిమిదిసార్లు అయింది. ఇరవై తొమ్మిదోది నడుస్తుండగా ఈ కొత్తది వచ్చిపడింది."

"ఎందుకండీ అంత కష్టం మీకు?"

"ఆరేళ్ళ కిందట పల్లపు వీధులు మునిగాయి కదా. తప్పెవరిదిరా అంటే ఒక్కడూ పలకలేదు. అప్పుడు మా పెద్ద ఆఫీసరు ఆర్డరేశాడు. పుస్తకంలో ఉన్నది చెయ్యాలి, లేనిది చెయ్యకూడదు. అక్షరం పొల్లుపోకూడదు."

"ఉన్నదంతా చేస్తున్నారా?"

"చేస్తూనే ఉన్నాం."

"ఏదీ, ఒకటి చెప్పండి."

"తొంభై ఆరో పేజీ. 'ఇది తాత్కాలికం. సోమవారం వచ్చి మారుస్తా.'"

"అయ్యో."

"ప్రతి సోమవారం గేటు దగ్గర ఒక మనిషిని పెట్టాం. మారుస్తానన్నవాళ్ళు వస్తే లోపలికి తీసుకురావడానికి. వానాకాలం ఇబ్బందని గొడుగు కూడా ఇచ్చాం. పాపం, అడుగుతూ ఉంటాడు, వాళ్ళెప్పుడొస్తారు మామయ్యా అని."

"అది... అది నేనే రాశాను."

"మీరేనా తల్లీ! మరి ఎప్పుడొస్తారు?"

"రానండీ! అందరం అలాగే రాస్తాం. ఎవరూ మార్చరు. అది ఊరికే మనసుకి నచ్చజెప్పుకోవడం."

"ఈ మాట ఆ గేటు మనిషితో నేను చెప్పలేను. మీరే ఒక కాగితం ముక్క రాసివ్వండి."

"ఇంకా? ఇంకా ఏం చేశారు?"

"యాభై నాలుగో పేజీ మీద విచారణ కమిటీ వేశారు. 'ఎవడు రాశాడీ చెత్త? ఓహో, నేనేనా.' నేరం ఒప్పుకున్నవాడు దొరికాడు గానీ వాడెవడో తేలలేదు. ఇంకా నడుస్తోంది."

"దేవుడా."

"ఆఁ?"

"ఏం లేదు, మీరు చెప్పండి."

"మూడొందల ఒకటి. 'సగం అయింది. ఆకలి దంచేస్తోంది. మిగతాది తిన్నాక.'"

"దాన్నేం చేస్తారండీ? దాన్ని చెయ్యడానికేముంది?"

"ట్యాంకు సగం నింపుతాం. మోటారు ఆపి అందరం తింటాం. తిన్నాక మిగతా సగం."

"రోజూనా!"

"ఆదివారం కూడా. ఎవడైనా ఆకలి లేదన్నా కూచోబెట్టి తినిపిస్తాం. మొదట్లో ఊళ్ళో గోలగోల చేశారు, నీళ్ళు రెండు విడతలుగా వస్తున్నాయని. తర్వాత వాళ్ళే సర్దుకున్నారు. బడులు టైము మార్చుకున్నాయి. మంగలి షాపులు మధ్యాహ్నం తలుపులు వేసుకుంటున్నాయి. ఊరు ఊరంతా మీ ఆకలిని బట్టే స్నానాలు చేస్తోందమ్మా."

"ఒక్కరోజండీ! ఆ ఒక్కరోజు పొద్దున ఏమీ తినకుండా ఆఫీసుకొచ్చాను. అంతే!"

"తినకుండా ఎందుకొచ్చారు? నీరసం రాదూ?"

"ఆగండాగండి, ఈ రెండొందల ముప్ఫయ్యో పేజీ ఏంటి? 'ఇదెందుకు పనిచేస్తోందో ఆ దేవుడికే తెలియాలి.' కొంపదీసి దీన్ని కూడా..."

"దానిది పెద్ద కథ. ఫైలు ఏడాది తిరిగింది. తర్వాత చెప్తాలెండి, ముందు నా లైను."

"సరే, మీ లైనేదో చదవండి."

"చదవక్కర్లేదు, నోటికొచ్చు. 'మామయ్యని అడక్కుండా ఏడో వాల్వు మూయకూడదు.'"

"ఓ, అదా! అది నేనే తీసేశాను, పోయిన నెల. పనికిరానివన్నీ ఏరిపారేయమన్నారు... ఏమైందండీ? ఏంటలా అయిపోయారు? నీళ్ళు తాగుతారా?"

"పనికిరానిదా అమ్మా?"

"అసలు మీరక్కడ ఏం చేస్తుంటారు?"

"మామయ్యని."

"ఎవరికి?"

"ఎవరికీ కాదు. పోస్టు. మామయ్య, బ్రాకెట్లో ఏడో వాల్వు. ఇదిగో, జేబు మీద కుట్టారు."

"నేనిందాకట్నుంచీ చూస్తున్నా! ఏదో చొక్కాల కంపెనీ పేరనుకున్నా."

"ఆ లైను చదవగానే ఆఫీసరు అడిగాడమ్మా, ఇక్కడ మామయ్యెవరు అని. ఎవరూ లేరు. పుస్తకంలో ఉన్నాడు, పంపుహౌసులో లేడు. అంటే ఖాళీ అన్నమాట. నోటీసు పెట్టారు. 'మామయ్య కావలెను. కనీసం అయిదుగురు మేనల్లుళ్ళు గానీ మేనకోడళ్ళు గానీ ఉండవలెను. రుజువులు జతపరచవలెను.' నేనప్పుడు గ్రీజు పూసేవాణ్ణి. కొత్త మోటార్లొచ్చాయి, వాటికి గ్రీజు అక్కర్లేదు. నన్ను ఇంటికి పంపే కాగితం టైపవుతోంది. నాకు నలుగురు చెల్లెళ్ళు, పదకొండుమంది పిల్లలు. మెరిట్లో మొదటోణ్ణి."

"పోటీ కూడా ఉందా?"

"స్టోర్సు గుమాస్తా ఉన్నాడు. తొమ్మిదిమందని రాశాడు. తీరా ఆరా తీస్తే అందులో అయిదుగురు అన్న పిల్లలు! అన్న పిల్లలకి బాబాయవుతాడు గానీ మామయ్యెలా అవుతాడు? కొట్టేశారు."

"అయితే మీరు... మీరు రోజంతా ఏం చేస్తారు?"

"వాల్వు పక్కన కుర్చీ, చేతులున్నది. ఒక ఫోను. ఏడోది మూయాలంటే ఎవడైనా నా దగ్గరికొచ్చి 'మామయ్యా, మూయమంటావా?' అని అడగాలి. ఆఫీసరైనా సరే. మొదట్లో 'మూయరా' అనేవాణ్ణి. నాకేం తెలుసు, నా మొహం! ఒకరోజు ఊరికే, ఊసుపోక, 'ఎందుకురా?' అన్నా. వాడు బుర్ర గోక్కుంటూ వెనక్కెళ్ళి చూసుకొచ్చాడు. వాడు మూయాల్సింది ఆరోదట."

"అబ్బ."

"అప్పట్నుంచీ ప్రతిసారీ అడుగుతాను. నేను చేసేది అంతే. ఎందుకురా అంటాను. పదిసార్లలో నాలుగుసార్లు తిరిగి వెళ్ళిపోతారు. ఆరేళ్ళయిందమ్మా, ఒక్క వీధి మునగలేదు."

"మా ఆఫీసులో అలాంటి మనిషి ఒక్కడూ లేడండీ."

"ఇప్పుడీ కాగితం చదవండి. 'కొత్త గ్రంథంలో మామయ్య లేనందున రేపటి నుంచి మామయ్య సేవలు అవసరం లేదు. కుర్చీ స్టోర్సులో అప్పజెప్పవలెను.' స్టోర్సులో ఎవడున్నాడో తెలుసు కదా? ఆ గుమాస్తాయే. పొద్దుటే వచ్చి కుర్చీ కొలత తీసుకుపోయాడు."

"అయ్యయ్యో, కళ్ళు తుడుచుకోండి. ఇదిగో, ఈ నీళ్ళు..."

"ఉద్యోగం కోసమే అయితే ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదమ్మా. నిజం చెప్తున్నా. ఇంట్లో పదకొండుమందికి మామయ్యని. పేరుకే. ఒక్కడూ నన్నేదీ అడగడు. మేనకోడలి పెళ్ళి కుదిరితే కార్డొచ్చాక తెలిసింది. వాళ్ళని అనుకోవడానికేం లేదు, గ్రీజు పూసేవాణ్ణి ఏమని అడుగుతారు? అక్కడ అలా కాదు. రోజుకి ఆరేడుసార్లు వచ్చి అడుగుతారు. నన్ను అడక్కుండా కుదరదని అచ్చులో ఉంది. ఆ లైను నాకు కావాలి."

"అంతేనా? ఒక్క లైనే కదండీ! ఒక్క నిమిషం పని. నేనే తీశాను, నేనే పెడతాను. చూడండి, ఇదిగో, 'మామయ్యని... అడక్కుండా...' అయిపోయింది. ఇప్పుడీ మీట నొక్కితే... ఛ!"

"ఏమైంది?"

"ఒప్పుకోవడం లేదు."

"ఎవరు?"

"ఈ టూలే, పుస్తకం తయారుచేసేది. పోయిన నెల దీన్ని మార్చారు. ఇప్పుడు 'ఫలానాది చేయకూడదు' అని రాస్తే కింద కారణం కూడా రాయాలి. కారణం లేని లైను పుస్తకంలోకి ఎక్కదు. అందుకే కదా నేను తీసేసింది."

"అయితే కారణం రాయండి."

"తెలిస్తే రాయనా!"

"ఆ లైను రాసింది మీరే కదమ్మా?"

"రాసింది నేనే. ఎందుకో నాకు తెలీదు. చెప్తే రాశాను."

"సరే, తొందరేం లేదు, తీరిగ్గా ఆలోచించండి."

"తొందరుందండీ. ఒంటిగంటకి ఇది తలుపులు మూసేస్తుంది. తర్వాత మళ్ళీ తెరిచేది వచ్చే ఏడాది."

"ఇప్పుడెంత?"

"పన్నెండూ పది."

"ఏదో ఒకటి రాయండమ్మా. 'ఎప్పట్నుంచో అలాగే ఉంది' అని రాయండి. మా ఆఫీసులో దానికి తిరుగులేదు."

"రాశా. 'ఇది కారణం కాదు, అలవాటు.'"

"అలా అందా?"

"ఇదిగో, ఎర్రక్షరాల్లో."

"నోటి దురుసు బాగా ఉందే దీనికి! ఎవరు నేర్పారు?"

"మా మేనేజరు. సెలవు పెట్టి ఇంట్లో కూచుని రాశాడీ జవాబులన్నీ."

"నా సంగతే రాయండి. 'లేకపోతే ఒక మనిషి కుర్చీ పోతుంది.'"

"...'వ్యక్తిగత విషయాలకు ఇది చోటు కాదు.'"

"వ్యక్తిగతమా! ఊరంతా మీ ఆకలి గురించి పైకి చదువుతుంటే అది వ్యక్తిగతం కాలేదా?"

"అది పాత టూలండీ, దానికి సిగ్గు లేదు. ఉండండి, ఇది రాద్దాం. 'ఏడోది మూస్తే పల్లపు వీధులు మునుగుతాయి.' ఇది నిజమే కదా?"

"అక్షరాలా నిజం. అప్పుడు ఏడోది మూశాకే మునిగాయి, నేనక్కడే ఉన్నా, మోకాలి లోతు నీళ్ళలో."

"...'కోడులో ఆధారం దొరకలేదు.' అదీ నిజమే. కోడు ప్రకారం ఏడో వాల్వు పార్కు ట్యాంకుది. దానికీ పల్లపు వీధులకీ సంబంధమే లేదు. మునగడానికి వీల్లేదు."

"మునిగాయమ్మా!"

"మునిగాయని నాకూ తెలుసు! మునగడానికి వీల్లేదు, మునిగాయి. నన్నేం చెయ్యమంటారు?"

"కోప్పడకండి. ఇందాక చెప్తే రాశానన్నారు. చెప్పిందెవరు?"

"మామయ్య."

"...అసలాయనా? అసలు మామయ్య అని ఒకాయన ఉన్నారా?"

"ఉన్నారు. ఈ పక్క సీటే. పెద్దాయన, అందరికీ సలహాలు చెప్పేవారు, అందుకని ఆఫీసంతా మామయ్యా అనేవాళ్ళం. రిటైరై నాలుగేళ్ళయింది. ఆగండి, ఫోను చేస్తా. ఇందాకే తట్టాల్సింది నాకు."

"చెయ్యండి... ఒక్కమాటమ్మా. ఆయన వస్తానంటే నా కుర్చీ..."

"ఆయనకెందుకండీ మీ కుర్చీ! స్పీకర్లో పెడుతున్నా. హలో, మామయ్యా? నేను, మూడో అంతస్తు."

"ఆఁ, చెప్పమ్మాయ్! ఇంకా అక్కడే ఉన్నావా? త్వరగా కానియ్, పళ్ళ డాక్టరు దగ్గరున్నా, ఏ క్షణాన్నైనా పిలుస్తారు."

"ఏడో వాల్వు. నన్ను అడక్కుండా మూయొద్దని రాయి అన్నారు, గుర్తుందా?"

"నేనన్నానా?"

"మీరే. నేను కొత్తగా చేరిన రోజుల్లో."

"అంటే అనుంటాను. ఎందుకన్నానంటావ్?"

"అదే మిమ్మల్ని అడుగుతున్నా."

"అప్పుడే అడగాల్సిందమ్మాయ్. వేడివేడిగా చెప్పేవాణ్ణి."

"మీరు పెద్దవాళ్ళని అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నావ్, ఇప్పుడు మర్చిపోయాను. పక్కనెవరు? ఎవరో దగ్గారు."

"నమస్కారమండీ. నేను మామయ్యని."

"మామయ్య నేను కదా?"

"మీరు మామూలు మామయ్య. నేను పోస్టు."

"అమ్మాయ్, ఎవరీయన?"

"పంపుహౌసాయన, మామయ్యా. మీరన్న ఆ ఒక్క మాట మీద ఆరేళ్ళుగా అక్కడ మీ స్థానంలో కూర్చున్నారు. ఆ మాటకి కారణం దొరక్కపోతే రేపు లేపేస్తారు."

"నా స్థానంలోనా? కుర్చీ ఇచ్చారా?"

"ఇచ్చారండీ. చేతులున్నది."

"ఫోను?"

"ఫోను కూడానండీ."

"చూశావా అమ్మాయ్! పాతికేళ్ళు చేశాను, నాకు విరిగిన కుర్చీ మార్చలేదు మీరు."

"అయ్యా, మీరు వస్తానంటే ఇప్పుడే లేచిపోతాను. న్యాయంగా అది మీదే."

"ఛ ఛ, అదేం మాట! ఇద్దరం మామయ్యలమంటే అన్నదమ్ములమన్నా అయ్యుండాలి, బావా బావమరుదులమన్నా అయ్యుండాలి. నీ వయసెంత?"

"యాభై ఎనిమిదండీ."

"అయితే తమ్ముడివి. గట్టిగా కూర్చో. ఎవడొచ్చి లేపుతాడో నేనూ చూస్తా... ఆఁ ఆఁ, వస్తున్నానమ్మా నర్సూ. అమ్మాయ్, పిలుస్తున్నారు, పన్ను పీకేస్తారు, ఇక మాట్లాడలేను."

"మామయ్యా! కారణం! ఒక్క ముక్క!"

"కారణం ఉందమ్మాయ్. ఆ రోజు నాకు బాగా తెలుసు. చాలా పెద్ద కారణం..."

"మామయ్యా? హలో? ...పెట్టేశారు."

"పెద్ద కారణమన్నారు కదమ్మా. అదే రాయండి."

"...'పరిమాణం కాదు, కారణం రాయండి.'"

"దీన్ని చేసినవాడి నోట్లో మన్ను పడ. ఎంతయింది?"

"పన్నెండూ నలభై నాలుగు."

"పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు. పుస్తకాలు మూట కట్టేసుకుంటా."

"కట్టకండి! కూర్చోండి! నాకు ఒళ్ళు మండుతోంది. ఆరేళ్ళుగా ఒక మనిషి 'ఎందుకురా' అని అడిగి ఊరిని కాపాడుతున్నాడు, నేనేమో 'ఎందుకు మామయ్యా' అని ఒక్కసారి అడగలేకపోయాను. ఆగండి, కోడే చదువుతా. మొదట్నుంచీ చదువుతా."

"చదవండి. నేను మాట్లాడను."

"ఏడో వాల్వు... ఇక్కడ తెరుచుకుంటుంది... ఇక్కడ ట్యాంకు మట్టం చూస్తుంది... ఇక్కణ్ణుంచి ఇటు... ఈ మూడు లైన్లేంటి?"

"ఏంటమ్మా?"

"ఈ మూడు లైన్లు. ఇవి తీసేస్తే పంపే ఆగిపోతుంది. ఉంచితే నడుస్తుంది. వీటిలోంచే ఏడో వాల్వు పల్లపు వీధుల వైపు... ఎలా వెళ్తుందో తెలీదు, కానీ వెళ్తోంది! ఇక్కడే ఉందండీ కిటుకు. ఈ మూడు లైన్లు అర్థమైతే కారణం దొరికినట్టే."

"అర్థం చేసుకోండి మరి!"

"నావల్ల కాదండీ. ఇదివరకూ ఒకసారి తల బద్దలు కొట్టుకున్నాను. వీటి మీదే కదా విసుగొచ్చి ఆ కామెంటు రాశాను, అదే, మీ రెండొందల ముప్ఫయ్యో పేజీ. నాకు తెలీదు. మామయ్యకి గుర్తులేదు. మేనేజరు ఈ ఫైలు ఎప్పుడూ తెరవనే లేదు. పన్నెండూ యాభై మూడు. అయిపోయిందండీ. ఇదెందుకు పనిచేస్తోందో నిజంగా ఆ దేవుడికే తెలియాలి."

"అయితే పిలవనా?"

"ఎవర్ని?"

"బయట బెంచీ మీదున్నాడు కదమ్మా. రెండొందల ముప్ఫయ్యో పేజీ ఆయనే."

"...ఆ పోస్టు కూడా వేశారా?"

"పుస్తకంలో ఉన్నాడు, పంపుహౌసులో లేడు. ఖాళీయే కదా. అర్హతలేం పెట్టాలో తెలీకే ఫైలు ఏడాది తిరిగింది. చివరికి, అన్నీ చూస్తూ ఎవర్నీ ఏమీ అనకుండా కూర్చోగలగాలని పెట్టారు. ఒక్క అప్లికేషనే వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారు."

"ఆయనేం చేస్తాడు అక్కడ?"

"'దేవుడికే తెలియాలి' అని కదా మీరు రాసింది. తెలుసుకోవడమే డ్యూటీ. మీ కోడు ఒక కట్ట కాగితాల మీద అచ్చేయించుకుని మోటారు పక్కన కూర్చున్నాడు. అయిదేళ్ళు. పోయిన గురువారం తెలిసిందట."

"తెలిసిందా? ఈ మూడు లైన్లు? ఎవరికైనా చెప్పాడా?"

"ఎవరూ అడగలేదు. ఆ రోజునుంచీ తనలో తనే నవ్వుకుంటూ కూచుంటున్నాడు."

"గంటన్నర నుంచీ ఆయన్ని బయట కూచోబెట్టి, నాతో ఎర్రక్షరాలు చదివించారా మీరు!"

"నా లైను గొడవలో పడి మర్చిపోయానమ్మా. అందరూ అంతే, ఏ దారీ లేకపోతేనే గుర్తొస్తాడు. పిలిస్తే మాత్రం పలుకుతాడు."

"పిలవండి! ఏడు నిమిషాలుంది, పరిగెత్తండి! ...ఆగండి. ఒక్క నిమిషం ఆగండి. ఆ రెండొందల ముప్ఫై కొత్త పుస్తకంలో ఉందా? పనికిరానివి ఏరేటప్పుడు నేను... నేను ఆయన్ని కూడా తీసేశానా?"

"తీసేశారమ్మా. అయినా వచ్చాడు."